‘రిమోట్ పాత్’ ఒక్కటే చాలదు: దూరపు ఫైళ్ల పేర్లకు పదజాలం స్థిరపరచుకోవడం గురించి

మీ ప్రశ్న సారాంశం ఇది. బెంగళూరులోని మీ జట్టు, ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు యంత్రానికి భద్రంగా అనుసంధానమయ్యే పద్ధతి) ద్వారా ఇతర యంత్రాల్లోని ఫైళ్లను తెరిచి, సరిదిద్ది, మళ్లీ అక్కడే భద్రపరిచే సాఫ్ట్‌వేర్‌ను పైథాన్‌లో రాస్తోంది. అదే వస్తువును తెరమీద ‘పాత్’ అనీ, సేవ్ చేసే కిటికీలో ‘ఫైల్ నేమ్’ అనీ, లాగ్‌లో (సాఫ్ట్‌వేర్ తన పనులను రాసుకునే చిట్టాలో) ‘యూఆర్‌ఎల్’ అనీ, మాన్యువల్‌లో ‘లొకేషన్’ అనీ పిలుస్తున్నారు. చెన్నైలో పరీక్షలు చేసే సహోద్యోగులు రాసే బగ్ నివేదికల్లో ఏ మాట దేన్ని సూచిస్తోందో తేల్చుకోవడానికే పొద్దు గడిచిపోతోంది. వీటన్నిటినీ తీసేసి అన్నిచోట్లా ‘రిమోట్ పాత్’ అని పెట్టేస్తే సరిపోతుంది కదా అని మీ మేనేజరు గారు ప్రతిపాదించారు. సరిపోదన్నది నా అభిప్రాయం. మీ దగ్గర ఒక వస్తువుకు నాలుగు పేర్లు ఉండటం పైకి కనిపించే ఇబ్బంది మాత్రమే. దాని కింద మూడు వేరువేరు వస్తువులు ఒకే పేరుతో తిరుగుతున్నాయి. మాటల సంఖ్యను తగ్గిస్తే మొదటి ఇబ్బంది పోతుంది కానీ రెండవది మరింత గట్టిపడుతుంది.

ఆ మూడు వస్తువులేమిటో ముందుగా చూద్దాం. వాడుకరి ‘డెవ్@బిల్డ్1:పనులు/నివేదిక’ అని టైపు చేశారనుకోండి. వారు టైపు చేసిన మొత్తం తీగ (స్ట్రింగ్, అంటే అక్షరాల వరుస) మొదటి వస్తువు. దానిలో ఎవరి ఖాతాతో వెళ్లాలి, ఏ హోస్ట్‌కు, అంటే ఏ యంత్రానికి, వెళ్లాలి, అక్కడ ఏ ఫైలును చూడాలి అన్న మూడు సంగతులూ ఇమిడి ఉన్నాయి. కోలన్ తరువాత వచ్చే ‘పనులు/నివేదిక’ రెండవ వస్తువు. ఇది మీ సాఫ్ట్‌వేర్‌కు కాదు, అవతలి యంత్రానికి మాత్రమే అర్థమయ్యే భాగం. చివరన మిగిలే ‘నివేదిక’ మూడవది. ట్యాబ్ మీద, కిటికీ శీర్షికలో, జాబితాలోని ‘పేరు’ నిలువు వరుసలో కనిపించేది ఇదే. మీ కోడులో ‘పాత్’ అనే వేరియబుల్ ఒక ఫంక్షన్‌లో మొదటిదాన్నీ, దాన్ని పిలిచే ఇంకొక ఫంక్షన్‌లో రెండవదాన్నీ మోస్తూ ఉంటుందని నేను చూడకుండానే చెప్పగలను, ఎందుకంటే ఈ రకం సాఫ్ట్‌వేర్‌లో దాదాపు ప్రతిచోటా అలాగే జరుగుతుంది.

దీనికి మనం ఒక్కరమే బాధ్యులం కాము. ఈ రంగంలో పాతుకుపోయిన సంప్రదాయాలే ఒకదానితో ఒకటి పొసగవు. యూనిక్స్ తరహా వ్యవస్థలకు ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్‌లో ‘పాత్‌నేమ్’ అంటే ఫైలును గుర్తించే మొత్తం తీగ, ‘ఫైల్‌నేమ్’ అంటే దానిలో రెండు స్లాష్‌ల మధ్య ఉండే ఒక్క ముక్క. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ తయారుచేసే గ్నూ ప్రాజెక్టు కోడింగ్ ప్రమాణాలు దీనికి ఎదురుగా నడుస్తాయి: ‘పాత్‌నేమ్’ అనే మాటను వాడవద్దని, మొత్తం తీగను రెండు మాటలుగా ‘ఫైల్ నేమ్’ అని రాయాలని, ‘పాత్’ అనే మాటను కేవలం సెర్చ్ పాత్‌కు, అంటే వెతకవలసిన డైరెక్టరీల జాబితాకు మాత్రమే కేటాయించాలని అవి చెబుతాయి. అంటే ఒక సంప్రదాయంలో చిన్న ముక్కను సూచించే మాట, మధ్యలో ఒక ఖాళీ చేరగానే మరొక సంప్రదాయంలో మొత్తాన్ని సూచిస్తుంది. సమావేశంలో నోటితో పలికినప్పుడు ఆ ఖాళీ వినిపించదు. అందువల్ల కేవలం ఒక ఖాళీతో వేరుపడే జంట పదాలను ఏ జట్టూ తన పదకోశంలో పెట్టుకోకూడదు. జావా, డాట్‌నెట్ లైబ్రరీలలో ‘నేమ్’, ‘ఫైల్ నేమ్’ అని పేరున్న మెథడ్లు చివరి ముక్కనే తిరిగి ఇస్తాయి కనుక, వాటితో పని నేర్చుకున్నవారికి గ్నూ వాడుక మొదటి చూపులో తప్పుగా తోస్తుంది. ఇక 2005లో వెలువడిన ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 3986, యూఆర్‌ఐని (యూఆర్‌ఎల్ కూడా దీనిలో ఒక రకమే) స్కీమ్, అథారిటీ, పాత్ మొదలైన భాగాలుగా విడదీసి, అథారిటీలో వాడుకరి వివరాలు, హోస్ట్, పోర్ట్ ఉంటాయని చెప్పి, ‘పాత్’ అనే మాటను అథారిటీ తరువాతి భాగానికి మాత్రమే పరిమితం చేసింది.

ఈ మూడింటిలో నేను మీకు సూచించేది ఒక మిశ్రమం. మొత్తం తీగను ‘రిమోట్ ఫైల్ నేమ్’ అనండి. హోస్ట్‌కు మాత్రమే అర్థమయ్యే రెండవ భాగాన్ని ‘పాత్’ అనండి. ఇది ఆర్‌ఎఫ్‌సీ వాడుకతో సరిగ్గా కుదురుతుంది, కాబట్టి రేపు మీరు యూఆర్‌ఐ రూపాన్ని అంగీకరించవలసి వచ్చినా పదకోశాన్ని మార్చనక్కరలేదు. చివరి ముక్కను యూనిక్స్ కమాండ్ పేరు నుంచీ, పైథాన్ లైబ్రరీ నుంచీ అందరికీ తెలిసిన ‘బేస్ నేమ్’ అనే మాటతో పిలవండి. విశేషణం లేని ‘ఫైల్ నేమ్’ను ఎక్కడా వాడకండి. వెతుకులాట జాబితాను చెప్పవలసి వచ్చినప్పుడు ప్రతిసారీ ‘సెర్చ్ పాత్’ అని పూర్తిగా రాయండి. గ్నూ ప్రమాణం ‘పాత్’ను ఇలా వాడనివ్వదని నాకు తెలుసు, మీరు ఈమాక్స్ ఎడిటర్ వంటి గ్నూ ప్యాకేజీకి ప్యాచ్ (సవరణ) పంపేటప్పుడు ఆ ఇంటి పద్ధతినే పాటించాలి. కానీ మీ వాడుకరులలో ఎక్కువమంది విండోస్ నుంచి వచ్చే సిస్టమ్ నిర్వాహకులని మీరే రాశారు. వారికి ‘పాత్’ అనే మాటను పూర్తిగా నిషేధించిన మాన్యువల్ ఇస్తే దాన్ని చదవడమే మానేస్తారు.

మొదటి రెండింటినీ విడదీయడం ఎందుకంత ముఖ్యమో దోష సందేశాల్లో బయటపడుతుంది. ‘అటువంటి ఫైలు గానీ డైరెక్టరీ గానీ లేదు’ అనే సందేశం పక్కన పాత్ ఒక్కటే చూపిస్తే, వాడుకరి తన ల్యాప్‌టాప్‌లో ఆ డైరెక్టరీని వెతుక్కుంటారు, అది అక్కడ ఉంటుంది కూడా, ఎందుకంటే చాలామంది రెండు యంత్రాల్లోనూ ఒకే అమరికను పెట్టుకుంటారు. బెంగళూరులో ఆటో ఎక్కి ‘నాలుగో బ్లాక్’ అని మాత్రమే చెబితే ఏమవుతుందో మీకు తెలుసు. జయనగరలోనూ, కోరమంగలలోనూ, రాజాజినగరలోనూ నాలుగో బ్లాక్ ఉంది. హోస్ట్ లేని పాత్ కూడా అంతే. కాబట్టి నియమం ఇలా ఉండాలి: దోష సందేశంలోనూ, లాగ్‌లోనూ, నిర్ధారణ అడిగే కిటికీలోనూ, ముఖ్యంగా తొలగించమంటారా అని అడిగేచోట, ఎల్లప్పుడూ రిమోట్ ఫైల్ నేమ్ మొత్తాన్ని చూపాలి, స్థలం చాలని ట్యాబ్ మీద మాత్రమే బేస్ నేమ్ చాలు. పాత్ ఒంటరిగా వాడుకరికి కనిపించే సందర్భం, ఆ హోస్ట్‌లోనే నడిచే కమాండ్‌ను వారు కాపీ చేసుకోవాలనుకున్నప్పుడు తప్ప, నాకు ఇంకొకటి తోచడం లేదు.

తరువాత ‘రిమోట్’ అనే విశేషణం దేనికి చెందుతుందో తేల్చాలి. దూరపు ఫైలుకు ఉన్న పేరా, లేక దూరాన్ని సూచించే రూపంలో ఉన్న పేరా? రెండూ ఒకటేనని అనిపిస్తుంది గానీ కాదు. ఎన్‌ఎఫ్‌ఎస్ ద్వారా గానీ ఎస్‌ఎస్‌హెచ్‌ఎఫ్‌ఎస్ ద్వారా గానీ మౌంట్ చేసిన, అంటే దూరపు డైరెక్టరీ మన యంత్రంలోనే ఉన్నట్టు కలిపిన, డైరెక్టరీలోని ఫైలు నిజానికి మరో యంత్రంలో ఉంటుంది, అయినా దాని పేరు మామూలు పేరులాగే కనిపిస్తుంది, మీ సాఫ్ట్‌వేర్ దాన్ని మామూలుగానే తెరుస్తుంది. దూరపు ఫైళ్లను తెరవడానికి ఈమాక్స్‌లో ఉన్న ట్రాంప్ ప్యాకేజీ ఈ విషయంలో స్పష్టంగా ఉంటుంది: ఒక ఫైలు రిమోట్ అవునా కాదా అని అడిగే ఫంక్షన్ అక్కడ పేరు రూపాన్నే పరీక్షిస్తుంది, అందువల్ల మౌంట్ చేసిన ఫైలుకు ‘కాదు’ అనే జవాబు వస్తుంది. మీరూ అదే నిర్వచనం తీసుకోండి, పదకోశంలో ఒక వాక్యంగా రాసి పెట్టండి. లేకపోతే నెట్‌వర్క్ మందగించినప్పుడు ‘రిమోట్ ఫైళ్లకు వేచి ఉండే గడువు’ అనే సెట్టింగ్ మౌంట్ చేసిన ఫైళ్లకు ఎందుకు వర్తించలేదని ఎవరో ఒకరు బగ్ నమోదు చేస్తారు, మీరు దాన్ని మూసివేయడానికి ఆధారం ఉండదు.

అదే ట్రాంప్‌లో నాకు నచ్చని మాట ఒకటుంది. పేరులో హోస్ట్ తరువాతి భాగాన్ని అది ‘లోకల్ నేమ్’ అంటుంది. అవతలి యంత్రం వైపు నుంచి చూస్తే అది లోకలే, తర్కంలో లోపం లేదు; కానీ మాన్యువల్ చదివే మనిషి తన కుర్చీలో, తన యంత్రం ముందు కూర్చుని చదువుతారు, వారికి ‘లోకల్’ అంటే తమ యంత్రమే. అందుకే రెండవ భాగానికి ‘లోకల్’ అనే మాటను దగ్గరకు రానివ్వవద్దంటాను. ‘హోమ్’ అన్నప్పుడు కూడా ఎవరి హోమ్ అన్నది చెప్పండి: ‘హోస్ట్‌లోని హోమ్ డైరెక్టరీ’ అని రాయడానికి పట్టే చోటు ఎక్కువేమీ కాదు.

రూపం సంగతికి వస్తే, వాడుకరి ఇచ్చిన తీగ రిమోట్ ఫైల్ నేమ్ అవునా కాదా అన్నది మీరు నిర్ణయించే పద్ధతిని కూడా పదకోశంలోనే, నిర్వచనంలో భాగంగా రాయాలి. ఎస్‌ఎస్‌హెచ్ మీదుగా ఫైళ్లను కాపీ చేసే ఎస్‌సీపీ కమాండ్‌తో పనిచేసినవారికి దీని రుచి తెలుసు. గమ్యంగా హోస్ట్ పేరు ఇచ్చి కోలన్ మరచిపోతే, ఫైలు సర్వర్‌కు వెళ్లదు. ఆ హోస్ట్ పేరుతోనే మన డైరెక్టరీలో ఒక కాపీ నిశ్శబ్దంగా తయారవుతుంది. పోర్ట్ సంఖ్య అనుకుని కోలన్ తరువాత 22 అని రాస్తే, అవతలి హోమ్ డైరెక్టరీలో ‘22’ అనే ఫైలు పుడుతుంది. విండోస్ డ్రైవ్ అక్షరం మరీ చిక్కు: విండోస్ మీద యూనిక్స్ వాతావరణాన్ని ఇచ్చే సిగ్‌విన్‌లో, ఫైళ్లను కాపీ చేసే ఆర్‌సింక్‌కు సీ డ్రైవ్‌తో మొదలయ్యే పేరు ఇస్తే అది ‘సీ’ అనే హోస్ట్ కోసం చూస్తుంది, అవతలి వైపు నిజంగానే ఒక హోస్ట్ ఉంటే మూలమూ గమ్యమూ రెండూ రిమోట్ కాకూడదని మందలిస్తుంది. తీగలో మొదటి కోలన్‌కు ముందు స్లాష్ లేకపోతేనే దాన్ని ఎస్‌సీపీ తరహా రూపంగా, కోడు మార్పులను భద్రపరిచే గిట్ గుర్తిస్తుంది, ఈ సంగతిని తన మాన్యువల్‌లో ఒక్క వాక్యంలో చెబుతుంది. మీకూ అలాంటి ఒక్క వాక్యం కావాలి.

గిట్ మరో పాఠం కూడా నేర్పుతుంది. ఎస్‌సీపీ తరహా రూపంలో కోలన్ తరువాత ‘పనులు/మూలం’ అని రాస్తే అది హోమ్ డైరెక్టరీ నుంచి లెక్క. ఎస్‌ఎస్‌హెచ్ స్కీమ్‌తో మొదలయ్యే యూఆర్‌ఎల్‌లో హోస్ట్ తరువాత స్లాష్ పెట్టి అదే రాస్తే అది రూట్ నుంచి లెక్క. చూడటానికి రెండూ ఒకే చోటును చెబుతున్నట్టే ఉంటాయి. కనుక మీ మాన్యువల్‌లో ‘రిమోట్ ఫైల్ నేమ్’కు రెండు రూపాలుంటే, ఒక్కొక్క రూపానికి వేరే పేరు పెట్టి, పాత్ స్లాష్‌తో మొదలవకపోతే దేని నుంచి లెక్కించాలో రెండింటికీ విడివిడిగా రాయండి. ‘పూర్తి పాత్’ అనే మాట ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే కొందరు దాన్ని రూట్ నుంచి మొదలయ్యేదని, కొందరు హోస్ట్‌తో సహా ఉన్నదని, కొందరు సింబాలిక్ లింకులన్నీ (మరో ఫైలు వైపు చూపే గుర్తులన్నీ) విప్పగా వచ్చినదని అర్థం చేసుకుంటారు. మొదటిదానికి ‘అబ్సల్యూట్ పాత్’ అనే మాట ఉంది, రెండవదానికి మనం ఇప్పుడే పేరు పెట్టాం, మూడవదానికి ‘రియల్ పాత్’ అనే మాట చాలు. ఎస్‌ఎస్‌హెచ్ మీద ఫైళ్లను బదిలీ చేసే ఎస్‌ఎఫ్‌టీపీ ప్రోటోకాల్‌లో ఆ పనికి ఉన్న అభ్యర్థన పేరు కూడా అదే.

పాత్ అని మనం అంటున్నది నిజంగా పాత్ మాత్రమేనా అన్న ప్రశ్న కూడా ఉంది. పాత ఎస్‌సీపీలో కోలన్ తరువాతి భాగాన్ని అవతలి షెల్ (కమాండ్లను అమలుచేసే ప్రోగ్రామ్) చదివేది, కాబట్టి దానిలోని ఖాళీలకూ నక్షత్ర గుర్తులకూ రెండుసార్లు కోట్ గుర్తులు పెట్టవలసి వచ్చేది. అప్పుడది షెల్‌కు ఇచ్చే పాఠ్యమే తప్ప పాత్ కాదు. 2022 ఏప్రిల్‌లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.0 నుంచి ఎస్‌సీపీ, ప్రత్యేకంగా చెప్పకపోయినా, ఎస్‌ఎఫ్‌టీపీ ప్రోటోకాల్‌ను వాడుతోంది, దానితో ఆ అవసరం పోయింది. మీ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడైనా ఆ భాగాన్ని షెల్ కమాండ్‌లో అతికించి పంపుతుంటే, అతికించేముందు ఉన్నదాన్ని ‘పాత్’ అనీ, కోట్ గుర్తులు చేర్చిన తరువాతిదాన్ని ‘కోట్ చేసిన పాత్’ అనీ వేరియబుల్ పేర్లలోనే చూపించండి.

‘హోస్ట్’ విషయంలో ఒక్క మాట. ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగరేషన్ ఫైలులో ‘హోస్ట్’ అంటే వాడుకరి పెట్టుకున్న ముద్దుపేరు, ‘హోస్ట్‌నేమ్’ అంటే నిజంగా అనుసంధానం అయ్యే చిరునామా. మీరు రిమోట్ ఫైల్ నేమ్‌లో మొదటిదాన్నే ఉంచండి, లాగ్‌లో అవసరమైతే రెండవదాన్ని వేరే గడిలో చూపండి. సంకేతపదం (పాస్‌వర్డ్) మాత్రం పేరులో భాగం కాకూడదు. వాడుకరి వివరాల్లో సంకేతపదాన్ని కోలన్‌తో కలిపి రాసే పద్ధతిని ఆర్‌ఎఫ్‌సీ 3986 వద్దంది, ఎవరైనా అలా ఇస్తే లోపలికి తీసుకున్న వెంటనే దాన్ని తీసివేయండి.

డైరెక్టరీల దగ్గర మరొక సన్నని తేడా ఉంది. ఆర్‌సింక్‌లో మూలం చివర స్లాష్ ఉంటే డైరెక్టరీలోని వస్తువులు మాత్రమే వెళతాయి, లేకపోతే డైరెక్టరీతో సహా వెళతాయి. ఈమాక్స్‌లో వాడే భాష ఈమాక్స్ లిస్ప్ అయితే స్లాష్‌తో ముగిసేదాన్ని ‘డైరెక్టరీ నేమ్’ అనీ, స్లాష్ లేనిదాన్ని ఆ డైరెక్టరీ తాలూకు ‘ఫైల్ నేమ్’ అనీ విడదీసి, ఒకదాన్నుంచి మరొకదానికి మార్చే ఫంక్షన్లను కూడా ఇస్తుంది. మీ సాఫ్ట్‌వేర్‌కు అంత సూక్ష్మత అక్కరలేదని నా ఉద్దేశం. చివరి స్లాష్‌కు అర్థభేదం లేదని నిర్ణయించి, నిల్వచేసే ముందే దాన్ని తీసేస్తే ఒక పదం ఆదా అవుతుంది.

మన లిపిలో పేరున్న ఫైళ్లను పరీక్షించారా? మీ చెన్నై సహోద్యోగులు తమ నివేదికకు ‘చెన్నై’ అని తెలుగులో పేరు పెడితే, అందులో 6 యూనికోడ్ కోడ్ పాయింట్లు (ఒక్కొక్క గుర్తుకు ఇచ్చిన సంఖ్యలు) ఉంటాయి. వాటిని బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో ఒక్కొక్కటి 3 బైట్లు కనుక మొత్తం 18 బైట్లు. చివరి ఐత్వాన్ని యూనికోడ్ రెండు గుర్తులుగా విడదీయడానికి వీలిస్తుంది, ఆపిల్ వారి పాత హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైల్ సిస్టమ్ అలా విడదీసే నిల్వచేసేది. అలా విడదీసిన పేరు యూటీఎఫ్-8లో 21 బైట్లు అవుతుంది, లైనక్స్ సర్వర్‌కు చేరాక కంటికి ఒకేలా కనిపించే రెండు ఫైళ్లుగా మిగలవచ్చు. యూఆర్‌ఐ రూపంలోకి మారిస్తే ప్రతి బైటూ మూడేసి గుర్తులుగా సాగి 54 అవుతుంది. లైనక్స్‌లో ఒక బేస్ నేమ్‌కు 255 బైట్ల పరిమితి ఉంది. తెలుగులో అది 85 కోడ్ పాయింట్లకే నిండిపోతుంది. ఇదంతా పదజాలానికి ఎందుకు సంబంధించిందంటే, ‘పేరు పొడవు’ అనే మాట మీ దోష సందేశంలో బైట్లా, అక్షరాలా అన్నది చెప్పకపోతే, 255 గుర్తులు అనుమతిస్తామని చెప్పి 85కే ఆపేసిన సాఫ్ట్‌వేర్‌గా మీది కనిపిస్తుంది. అలాగే వాడుకరికి చూపే పేరును ‘డిస్‌ప్లే నేమ్’ అని వేరు చేయండి. శాతం గుర్తులతో నిండిన రూపాన్ని తెరమీదకు తేవద్దు.

ఇక అనువాదం. మీ తెరను తెలుగు, కన్నడ, తమిళ భాషల్లోకి తేబోతున్నామన్నారు. మూల పాఠ్యంలో ఒక వస్తువుకు ఒకే మాట ఉంటేనే ముగ్గురు అనువాదకులూ ఒకే వస్తువు గురించి రాస్తారు. ఒకే మాటను పదేపదే రాస్తే పునరుక్తి దోషమని మనకు బడిలో నేర్పారు, అందువల్ల మనవాళ్లు ఒక వాక్యంలో ‘పాత్’ అని, తరువాతి వాక్యంలో ‘మార్గం’ అని, ఆపైన ‘దారి’ అని మార్చి రాస్తారు. మాన్యువల్‌లో ఆ అలవాటును సంపాదకులు నిర్దాక్షిణ్యంగా కత్తిరించాలి. అనువాద సందేశాలను నిర్వహించే గెట్‌టెక్స్ట్ వాడుతుంటే, ఒకే ఆంగ్ల మాట రెండు అర్థాల్లో వచ్చేచోట సందర్భాన్ని తెలిపే గడిని నింపండి. తెలుగులో విభక్తి పేరుకు అతుక్కుంటుంది కనుక, ఖాళీ స్థానంలోకి వచ్చే తెలియని పేరు వెంటనే ‘ను’, ‘కు’ పెట్టకుండా, ‘ఫలానా అనే ఫైలును తెరవలేకపోయాము’ అన్న తీరులో వాక్యాన్ని కట్టమని అనువాదకులకు వ్యాఖ్య రాసి ఉంచండి. అప్పుడు పేరు ఏ అక్షరంతో ముగిసినా వాక్యం చెడదు.

అమలు చేసే క్రమం గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను. మొదట పదకోశం ఒక పేజీకి మించకుండా రాయండి. ప్రతి పదానికీ నిర్వచనం, ఒక ఉదాహరణ, దాని బదులు వాడకూడని మాటలు ఉంటే చాలు. తరువాత దోష సందేశాలు, ఆపైన మాన్యువల్, ఆఖరున కోడు. చాలామంది కోడుతో మొదలుపెట్టి, సగం మాడ్యూళ్లు మార్చేసరికి విడుదల తేదీ వచ్చి ఆగిపోతారు. అప్పుడు పాత గందరగోళం మీద కొత్త గందరగోళం చేరుతుంది. కోడులో పేర్లు మార్చడం కన్నా రకాలను (టైపులను) వేరుచేయడం ఎక్కువ మేలు చేస్తుంది: రిమోట్ ఫైల్ నేమ్‌కు ఖాతా, హోస్ట్, పోర్ట్, పాత్ అనే గడులున్న ఒక చిన్న డేటాక్లాస్ రాయండి, పాత్ గడికి పైథాన్ లైబ్రరీ అయిన పాత్‌లిబ్‌లోని ప్యూర్‌పోసిక్స్‌పాత్ రకాన్ని వాడండి. మామూలు పాత్ రకాన్ని వాడితే విండోస్ యంత్రంలో స్లాష్‌లు తిరగబడి అవతలి లైనక్స్ సర్వర్‌కు వెళతాయి. రకాలు సరిపోలుతున్నాయా అని చూసే టైప్ చెకర్ నడుస్తుంటే, రిమోట్ ఫైల్ నేమ్ ఇవ్వవలసినచోట పాత్ ఇచ్చిన ప్రతి పంక్తీ దానంతట అదే బయటపడుతుంది, పదకోశాన్ని ఎవరు పాటించారో వెతకనక్కరలేదు.

బయటివారు ఇప్పటికే వాడుతున్న సెట్టింగ్ పేర్లనూ, కమాండ్ ఐచ్ఛికాలనూ మాత్రం ఒక్కసారిగా మార్చవద్దు. కొత్త పేరును చేర్చి, పాత పేరును దానికి మారుపేరుగా ఉంచి, పాతది వాడినప్పుడు లాగ్‌లో ఒక హెచ్చరిక రాయండి. రెండు పేర్లూ ఒకే కాన్ఫిగరేషన్ ఫైలులో కనిపిస్తే ఏది చెల్లుతుందో, అంటే కొత్తదే చెల్లుతుందని, ఆ హెచ్చరికలోనే చెప్పండి.